కోస్టర్ ఎత్తు వేరు, డ్రాప్ వేరు: ఎక్కడి నుంచి ఎక్కడికి కొలవాలి, ఎట్లా లెక్కగట్టాలి

హనుమకొండలో సివిల్ చదువుతున్న ఇద్దరు అడిగిన ప్రశ్న ఇది: "అమెరికాలోని ది బీస్ట్ రోలర్ కోస్టర్ ఎత్తు 110 అడుగులు, మొదటి డ్రాప్ 135 అడుగులు అని రాశారు. ఉన్న ఎత్తు కన్నా ఎక్కువ ఎట్లా దిగుతుంది? ఈ కొలతలు దేంతో తీస్తారు? మా ప్రాజెక్టులో వరంగల్ దగ్గరి ఒక గుట్ట వాలు వాడుకొని 30 మీటర్ల డ్రాప్ ఉన్న కోస్టర్ కాగితం మీద గీయాలి. ఎక్కడ మొదలుపెట్టాలి?"

మొదటి ప్రశ్నకు జవాబు చిన్నదే. ఎత్తును నేల నుంచి కొలుస్తారు. డ్రాప్‌ను ట్రాక్ నుంచి ట్రాక్‌కు కొలుస్తారు. ఒహాయోలోని కింగ్స్ ఐలాండ్ పార్కులో 1979లో తెరిచిన ది బీస్ట్ శిఖరం తన కింద ఉన్న నేలకు 33.5 మీటర్ల పైన ఉంటుంది. కానీ ట్రెయిన్ దిగే వైపు భూమి వాలుగా ఉంది, చివర్లో ట్రాక్ నేల కిందున్న సొరంగంలోకి పోతుంది. అందుకే శిఖరంలో పట్టాకూ అడుగున పట్టాకూ మధ్య తేడా 41 మీటర్ల పైనే తేలుతుంది. ఇంగ్లండ్‌లోని ఆల్టన్ టవర్స్‌లో ఇది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. అక్కడ చెట్ల కొనలు దాటి కట్టకూడదన్న నిబంధన ఉంది కాబట్టి 1994లో నెమెసిస్ కోసం రాతిని తవ్వి కందకాలు చేశారు. దాని ఎత్తు 13 మీటర్లు, డ్రాప్ దాదాపు 32 మీటర్లు. 1998లో వచ్చిన అబ్లివియన్ పైకి 20 మీటర్లే కనిపిస్తుంది, గోతిలోకి దిగేది మాత్రం 55 మీటర్లు.

కాబట్టి ఎవరు ఏ సంఖ్య చెప్పినా ముందు అడగాల్సింది "ఎక్కడి నుంచి ఎక్కడికి?" అని. ఒకే కోస్టర్‌కు కనీసం మూడు ఎత్తులు ఉంటాయి. శిఖరం కింద నిటారుగా ఉన్న నేల నుంచి పైదాకా ఉన్న ఎత్తు మొదటిది. మొత్తం ట్రాక్‌లో అన్నిటికన్నా పై బిందువుకూ అన్నిటికన్నా కింది బిందువుకూ మధ్య తేడా రెండోది. ఒక శిఖరం నుంచి దాని వెంటనే వచ్చే అడుగు దాకా ఉన్న తేడా మూడోది, డ్రాప్ అంటే ఇదే. ప్రకటనల్లో వీటిలో పెద్దదే ముందుకొస్తుంది. 1989లో ఒహాయోలోనే ఉన్న సీడర్ పాయింట్ పార్కులో మాగ్నమ్ ఎక్స్‌ఎల్-200 తెరిచినప్పుడు 200 అడుగుల గీత దాటిందని చాటారు. దాటింది ఎత్తు, అది 205 అడుగులు. డ్రాప్ 194 అడుగుల 8 అంగుళాలే. పెన్సిల్వేనియాలోని కెన్నీవుడ్‌లో 1991 నాటి స్టీల్ ఫాంటమ్‌ది దీనికి తలకిందులు. లిఫ్ట్ (ట్రెయిన్‌ను పైకి లాగే మొదటి ఎక్కుడు) 160 అడుగులే, కానీ రెండో డ్రాప్ లోయలోకి 225 అడుగులు దిగేది. మొదటి డ్రాపే పెద్దదై ఉండాలన్న నియమం కూడా లేదని దీంతో తెలుస్తుంది.

ట్రాక్ మీద ఏ బిందువు అన్నది తర్వాతి చిక్కు. పట్టా పై అంచా, రెండు పట్టాల మధ్య గీతా, కూర్చున్న మనిషి ఛాతీ ఎత్తున పోయే గీతా? ఈ చివరి గీతను హార్ట్‌లైన్ అంటారు. ట్రాక్ సమంగా ఉన్నచోట ఈ మూడింటి మధ్య తేడా ఎప్పుడూ ఒకటే, కాబట్టి డ్రాప్ మారదు. ట్రాక్ పక్కకు ఒరిగినచోట ఒక పట్టా పైకి, ఒకటి కిందికి పోతాయి. అక్కడ ఏ పట్టాకు కొలిచారన్న దాన్ని బట్టి అర మీటరు దాకా తేడా రావచ్చు. మీ డ్రాయింగులో ట్రాక్ మధ్య గీతను తీసుకోండి, ఆ మాట డ్రాయింగ్ మీదే రాయండి. బలాల లెక్కకు మాత్రం హార్ట్‌లైన్ కావాలి, ఎందుకంటే బరువు పడేది అక్కడున్న మనిషి మీద.

ఇక కొలత. కట్టిన నిర్మాణాన్ని కొలిచేది మీరు సర్వే ల్యాబులో చూసిన పరికరాలతోనే. ముందు కదలని చోట ఒక టి.బి.ఎం. (ఎత్తులన్నిటికీ ఆధారమయ్యే తాత్కాలిక గుర్తు) పెట్టాలి. మన దగ్గర పైకి తేలిన నల్లరాతి బండ దొరికితే అంతకన్నా మంచిది లేదు. నల్లరేగడిలో పాతిన రాయి వానకాలం లేస్తుంది, ఎండాకాలం కుంగుతుంది, దాన్ని నమ్మొద్దు. అక్కడి నుంచి ఆటో లెవెల్‌తో (ఎత్తుల తేడా చూసే టెలిస్కోపు) స్థలం చుట్టూ తిరిగి మళ్ళీ అదే బిందువుకు వచ్చి లూపు మూయండి. మామూలు లెవెలింగ్‌లో ఒప్పుకునే తప్పు 12 × √(కిలోమీటర్లు) మిల్లీమీటర్లు. అర కిలోమీటరు లూపుకు అది 8.5 మి.మీ. అంతకు మించితే మళ్ళీ తిరగాల్సిందే, సర్దుబాటు చేసి వదిలేయొద్దు.

శిఖరానికి టోటల్ స్టేషన్ (కోణాన్నీ దూరాన్నీ కలిపి కొలిచే పరికరం) కావాలి. శిఖరం ఎత్తుకు ఒకటిన్నర నుంచి రెండు రెట్ల దూరంలో నిలబెట్టండి. మరీ దగ్గరైతే కోణం నిట్టనిలువై చూడటమే కష్టం. ప్రతి బిందువునూ టెలిస్కోపును తిప్పి ఫేస్ లెఫ్ట్, ఫేస్ రైట్ రెండు వైపులా చదివి సగటు తీయాలి. ఇక్కడ చాలామంది పడే పొరపాటు ఒకటుంది. ప్రిజం (కిరణాన్ని తిప్పి పంపే అద్దం) లేకుండా లేజర్‌ను నేరుగా పట్టా మీద వేస్తారు. పట్టా గుండ్రటి గొట్టం. దాని పై అంచును గురిపెడితే కిరణంలో సగం గొట్టాన్ని తాకి, సగం వెనకున్న స్తంభానికో చెట్టుకో తగిలి తిరిగొస్తుంది. పరికరం ఏ తడబాటూ లేకుండా ఒక తప్పుడు దూరం చూపిస్తుంది. అందుకే ట్రాక్ ముక్కలను క్రేన్‌తో ఎత్తకముందే, నేల మీద ఉన్నప్పుడే, ముక్కలను బోల్టులతో కలిపే ప్రతి ఫ్లాంజ్ జాయింట్ దగ్గర రిఫ్లెక్టివ్ స్టిక్కర్లు అతికిస్తారు. బిగించాక వాటినే కొలిచి డిజైన్ సంఖ్యతో పోల్చి, తేడా ఉంటే బోల్టులు పూర్తిగా బిగించకముందే షిమ్ములు (పల్చటి రేకులు) వేసి సరిచేస్తారు.

కొలిచే సమయం కూడా ముఖ్యం. ఉక్కు ప్రతి డిగ్రీకి మీటరుకు 0.012 మి.మీ. పెరుగుతుంది. వరంగల్ మే నెలలో తెల్లవారుజామున ఉన్న వేడికీ మిట్టమధ్యాహ్నం ఎండలో కాలిన స్తంభం వేడికీ మధ్య 30 డిగ్రీల తేడా మామూలే. 40 మీటర్ల స్తంభం అంతలో 14 మి.మీ. పెరుగుతుంది. ఎండ ఒకవైపే కొడితే పక్కకు వంగుతుంది కూడా. పైగా నేల మీది వేడిగాలి అలలకు టెలిస్కోపులో గురి వణుకుతుంది. పొద్దు పొడవకముందు మొదలుపెట్టి ఎనిమిదిన్నరకల్లా ముగించడం మేలు.

పరికరాలు లేకుండా బయటి నుంచి అంచనా వేయాలంటే క్లైనోమీటర్‌తో (పైకి చూసే కోణాన్ని కొలిచే చిన్న సాధనం) రెండు చోట్ల నుంచి కోణం చూడాలి, ఎందుకంటే కంచె లోపల శిఖరం పాదం దాకా టేపు పట్టలేరు. దగ్గరి బిందువు నుంచి 45 డిగ్రీలు, అదే గీత మీద ఇంకో 30 మీటర్లు వెనక్కి జరిగితే 30 డిగ్రీలు వచ్చాయనుకోండి. ఎత్తు = 30 ÷ (కాట్ 30 − కాట్ 45) = 30 ÷ 0.732 = 41 మీటర్లు. దీనికి కంటి ఎత్తు 1.5 మీటర్లు కలపాలి. ఇప్పుడు వెనకటి కోణంలో అర డిగ్రీ తప్పు పెట్టి చూడండి. 30కి బదులు 29.5 అయితే 39.1 వస్తుంది. అర డిగ్రీకి దాదాపు 2 మీటర్లు పోయింది. రెండు బిందువుల మధ్య నేల వాలుగా ఉంటే తప్పు ఇంకా పెరుగుతుంది. ముందుగా మీ కాలనీ మంచినీళ్ళ ట్యాంకు మీద సాధన చేయండి. దాని మెట్లు లెక్కపెట్టి ఒక మెట్టు ఎత్తుతో గుణిస్తే సరిచూసుకోవడానికి ఒక నిజమైన సంఖ్య చేతిలో ఉంటుంది.

ఫోన్ మాటేమిటని చాలామంది అడుగుతారు. మన ప్రాంతంలో జీపీఎస్ ఇచ్చే ఎలిప్సాయిడ్ ఎత్తు (భూమిని కాస్త నొక్కిన నునుపైన గోళంగా ఊహించి తీసేది) సముద్రమట్టం నుంచి లెక్కించే ఎత్తు కన్నా సుమారు 70–80 మీటర్లు తక్కువ ఉంటుంది. ఒక యాప్ ఆ తేడా సరిచేసి చూపిస్తుంది, ఇంకోటి చేయదు. రెండు యాప్‌ల సంఖ్యలను కలిపి వాడితే డ్రాప్ కాదు, అయోమయం తేలుతుంది. ఫోన్‌లోని గాలి పీడనం సెన్సర్ నిలకడగా ఉన్నప్పుడు మీటరు అటూఇటుగా బాగానే చెప్తుంది. కదిలే ట్రెయిన్‌లో మాత్రం పనికిరాదు. సెకనుకు 30 మీటర్ల వేగంలో ఎదురుగాలి ఒత్తిడి 500 పాస్కల్‌లు దాటుతుంది. అది పూర్తిగా సెన్సర్ మీద పడితే 45 మీటర్ల ఎత్తు తేడాకు సమానం. అందులో పదో వంతు పడినా మీ కొలత పోయినట్టే. అసలు రైడ్‌లో ఫోన్ చేతిలో పట్టుకోవడమే ప్రమాదం, జారితే కింద ఎవరి తల మీదో పడుతుంది. పని చేసేవాళ్ళు సీటుకు బోల్టుతో బిగించిన మూడు దిశల యాక్సిలరోమీటర్ (వేగం మార్పును బట్టి బలాన్ని చెప్పే సెన్సర్) వాడతారు. దాని పద్ధతి అమెరికా ప్రమాణాల సంస్థ ఏఎస్‌టీఎం రాసిన ఎఫ్2137లో ఉంది. బలాల పరిమితులు ఎఫ్2291లో, యూరప్‌కు ఈఎన్ 13814లో ఉన్నాయి. ఆ పరిమితి ఒకే సంఖ్య కాదు, బలం ఎంతసేపు ఉంటుందన్న దాన్ని బట్టి తగ్గుతూ పోయే గీత. సగం సెకను ఓర్చుకునే బరువును నాలుగు సెకన్లు ఓర్చుకోలేం.

డిజైన్‌కు వద్దాం. డ్రాప్ నుంచి వేగం వస్తుంది: √(2 × 9.81 × డ్రాప్). 30 మీటర్లకు సెకనుకు 24.3 మీటర్లు, అంటే గంటకు 87 కి.మీ. ఇది నష్టాలేమీ లేని లెక్క. ఈ వేగాన్ని అడుగున మలుపు తిప్పాలి. ఆ మలుపు వ్యాసార్థమే మనిషి మీద పడే బరువును నిర్ణయిస్తుంది. రెండు సూత్రాలు కలిపితే ఒక తేలికైన లెక్క మిగులుతుంది: అడుగున తోచే బరువు = మామూలు బరువుకు 1 + (2 × డ్రాప్ ÷ వ్యాసార్థం) రెట్లు. డ్రాప్ 30, వ్యాసార్థం 20 అయితే 4 రెట్లు. వ్యాసార్థాన్ని 15కు కుదిస్తే 5 రెట్లు. కాబట్టి డ్రాప్ పెరిగితే అడుగు వంపు కూడా అదే నిష్పత్తిలో పెరగాలి, దాంతో స్థలమూ ఖర్చూ పెరుగుతాయి. 100 మీటర్ల కోస్టర్లు ఊరంత విస్తీర్ణంలో పరుచుకోవడానికి కారణం ఇదే.

వంపులు డ్రాప్‌ను ఎంత తినేస్తాయో గమనించండి. వాలు 60 డిగ్రీలు అనుకుంటే 20 మీటర్ల అడుగు వంపు 20 × (1 − కాస్ 60) = 10 మీటర్ల ఎత్తు తీసుకుంటుంది. శిఖరంలో 10 మీటర్ల వంపు 5 మీటర్లు తీసుకుంటుంది. 30లో 15 పోయి తిన్నటి వాలు 15 మీటర్లే మిగిలింది. అదే 90 డిగ్రీలు కావాలంటే 20 + 10 = 30, తిన్నటి భాగం సున్నా. అంటే 30 మీటర్ల డ్రాప్‌లో "90 డిగ్రీలు" అన్నది ఒకే ఒక్క బిందువులో ఉంటుంది. బోర్డుల మీద రాసే కోణాలు చాలాసార్లు ఇట్లాంటివే. మీ మొదటి ప్రయత్నానికి 55–60 డిగ్రీలు చాలు.

తిన్నటి వాలు నుంచి నేరుగా 20 మీటర్ల వంపులోకి దూకకూడదు. 60 డిగ్రీల వాలులో మనిషికి తోచే బరువు 0.5 రెట్లు. వంపు మొదలయ్యే చోట, అంటే 20 మీటర్లు దిగాక, అది ఒక్కసారిగా 2.5 రెట్లు అవుతుంది. మెడలు అదిరేది ఇక్కడే. మధ్యలో వంపు నెమ్మదిగా బిగిసే క్లోథాయిడ్ పెట్టాలి, మీరు హైవే ఇంజినీరింగ్‌లో చదివే ట్రాన్సిషన్ కర్వే. అక్కడ వేగం సెకనుకు 20 మీటర్లు కాబట్టి 8 మీటర్ల క్లోథాయిడ్ ఇస్తే ఆ మార్పుకు 0.4 సెకను దొరుకుతుంది. 1895లో న్యూయార్క్‌లోని కోనీ ఐలాండ్‌లో కట్టిన ఫ్లిప్ ఫ్లాప్ లూపు దాదాపు గుండ్రం. గుండ్రటి లూపును పైన పడిపోకుండా దాటాలంటే అడుగున 6 రెట్ల బరువు తప్పదు, అందులో కూర్చున్నవాళ్ళకు మెడనొప్పులు వచ్చేవి. 1976లో కాలిఫోర్నియాలోని మ్యాజిక్ మౌంటెన్ పార్కులో రివల్యూషన్ కోస్టర్‌కు డిజైనర్లు ఆంటన్ ష్వార్జ్‌కోఫ్, వెర్నర్ స్టెంగెల్ క్లోథాయిడ్ ఆకారం వాడాకే లూపు నిలదొక్కుకుంది.

శిఖరాల దగ్గర గుర్తు మారుతుంది: తోచే బరువు = 1 − (2 × ఇప్పటిదాకా దిగిన నికర ఎత్తు ÷ వ్యాసార్థం). 30 మీటర్ల నుంచి దిగి 20 మీటర్ల రెండో శిఖరం ఎక్కితే నికరం 10. వ్యాసార్థం 20 పెడితే సున్నా వస్తుంది, సీటు మీద తేలిపోతారు. కానీ దారిలో 2 మీటర్ల శక్తి రాపిడికి పోతే 0.2 వస్తుంది. ఆ తేడాతోనే పార్కుకు వచ్చినవాళ్ళు "మొదటి రోజంత మజా లేదు" అంటారు.

ఆ నష్టమే ఈ పనిలో అన్నిటికన్నా గడ్డు లెక్క. చక్రాల పాలియురేతేన్, బేరింగుల గ్రీజు, గాలి, అన్నీ ఉష్ణోగ్రతతో మారతాయి. మొదటి అంచనాకు ప్రతి 100 మీటర్ల ట్రాక్‌కు 2 మీటర్ల ఎత్తు పోయిందనుకొని, పక్కనే 1.5తో ఒకసారి, 2.5తో ఒకసారి కూడా లెక్క వేయండి. 2 ప్రకారం 400 మీటర్ల దగ్గర 8 మీటర్లు పోయాయి. శిఖరం మీద ట్రెయిన్ కనీసం సెకనుకు 7 మీటర్లతో దాటాలంటే మరో 2.5 మీటర్లు మిగిల్చాలి. 30 − 8 − 2.5 = 19.5. ఆ చోట అంతకన్నా ఎత్తయిన శిఖరం పెట్టొద్దు. డిసెంబరు పొద్దున ఖాళీ ట్రెయిన్ నెమ్మదిగా పోయే సందర్భం, అది లోయలో ఆగిపోకుండా చూసుకోవాలి. ఏప్రిల్ మధ్యాహ్నం నిండు ట్రెయిన్ వేగంగా పోయే సందర్భం, బలాలూ బ్రేకుల పొడవూ దానికి సరిపోవాలి. ఒకే "సగటు" లెక్కతో ముగించిన డిజైన్ ఈ రెండు చోట్లా దెబ్బతింటుంది.

ట్రెయిన్ పొడవు మరచిపోవద్దు. లెక్కలో దిగేది ట్రెయిన్ బరువు కేంద్రం, ముందు చక్రం కాదు. 12 మీటర్ల ట్రెయిన్, 10 మీటర్ల శిఖర వంపు తీసుకోండి. మధ్య పెట్టె సెకనుకు 3 మీటర్లతో శిఖరం దాటిందంటే, చివరి పెట్టె అక్కడికి వచ్చేసరికి ముందు సగం కిందికి లాగుతుంటుంది కాబట్టి దాని వేగం 6.4 అవుతుంది. మధ్యవాళ్ళకు శిఖరంలో 0.9 రెట్ల బరువు తోస్తే చివరివాళ్ళకు 0.6. వెనక సీటులో కడుపు లేచినట్టు ఉండేది ఇందుకే. శిఖరం బలాలను చివరి పెట్టెకు లెక్కించాలి.

హైదరాబాద్ వండర్‌లాలోని రికాయిల్ ఇదంతా కళ్ళకు కట్టే ఉదాహరణ. అది నెదర్లాండ్స్ కంపెనీ వెకోమా వాళ్ళ బూమరాంగ్ రకం, ఒకే దారిలో ముందుకు పోయి మళ్ళీ వెనక్కి వచ్చేది. ఈ మోడల్‌కు ఎత్తు 35.5 మీటర్లు, వేగం గంటకు 75.6 కి.మీ. అని చెప్తారు. ఆ వేగం సెకనుకు 21 మీటర్లు, దాన్ని వెనక్కి తిప్పితే 22.5 మీటర్ల డ్రాప్ వస్తుంది. మిగతా 13 ఏమయ్యాయి? ట్రెయిన్ వాలు మీద పొడవుగా వేలాడుతుంది కాబట్టి దాని బరువు కేంద్రం టవర్ కొన కన్నా చాలా కింద ఉంటుంది. అడుగున ట్రాక్ నేలను ఆనదు. కొంత రాపిడికి పోతుంది. రెండో టవర్ కూడా అంతే ఎత్తు అయినా ట్రెయిన్ తనంతట తాను పైదాకా ఎక్కలేదు, మధ్యలో గొలుసు అందుకొని మిగతాది లాగుతుంది. ఎక్కినప్పుడు ఆ గొలుసు అందుకునే చోటును గమనించండి. నష్టం ఎంతో అక్కడే కనిపిస్తుంది.

స్థలం గురించి. గుట్ట వాలు వాడుకోవాలన్న ఆలోచన మంచిది, లిఫ్ట్ స్తంభాలు పొట్టిగా ఉంటాయి. అర మీటరు కాంటూర్లతో (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు) సర్వే చేసి ఆ షీటు మీదే ట్రాక్ గీయండి. ఖిలా వరంగల్, వేయిస్తంభాల గుడి పరిసరాలు తీసుకోవద్దు. కేంద్ర రక్షిత కట్టడాలకు 100 మీటర్ల లోపల కొత్త నిర్మాణం నిషేధం, ఆ పైన ఇంకో 200 మీటర్లు అనుమతి కావాలి. మామునూరు విమానాశ్రయాన్ని మళ్ళీ తెరిచే పని నడుస్తోంది కాబట్టి ఎత్తు అనుమతి కూడా రాసుకోండి. అక్కడ అడిగేది నేల నుంచి ఎత్తు కాదు, సముద్రమట్టం నుంచి. స్థలం 270 మీటర్లు, శిఖరం 35, పైన మెరుపు కడ్డీ 2 అయితే దరఖాస్తులో 307 అని రాయాలి.

పునాది కింద ఎర్ర చలక, మొరం, రాయి ఉంటే అదృష్టం. నల్లరేగడి పట్టీ తగిలితే స్తంభాలకు అండర్-రీమ్డ్ పైల్స్ (అడుగున ఉబ్బెత్తుగా ఉండే లోతు పునాదులు) పెట్టాలి. మొత్తం నిర్మాణం 10 మి.మీ. సమంగా కుంగితే పెద్దగా ఏమీ కాదు. పక్కపక్క స్తంభాలు ఒకటి కుంగి ఒకటి నిలిస్తే జాయింట్ వెల్డుల మీద ప్రతి ట్రెయిన్‌కూ దెబ్బ పడుతుంది, కొన్నేళ్ళకు అక్కడే పగులు వస్తుంది. కందకం తవ్వి డ్రాప్ పెంచాలనుకుంటే వానకాలం నీటిని ముందే లెక్కలోకి తీసుకోండి. రాతిలో తవ్విన గొయ్యి జులైలో చిన్న కుంట అవుతుంది, సంపు గొయ్యి, రెండు పంపులు తప్పవు. 2024 డిసెంబరు 4న ములుగు దగ్గర 5.3 తీవ్రతతో వచ్చిన భూకంపం వరంగల్‌లో అందరికీ తెలిసిందే, కాబట్టి గాలితో పాటు భూకంప బలాలూ వేయండి.

కాంటూర్ షీట్ తయారయ్యాక శిఖరం, అడుగు బిందువుల ఆర్.ఎల్.లు (టి.బి.ఎం. నుంచి లెక్కగట్టిన మట్టాలు), ట్రెయిన్ పొడవు, మీరు ఎంచుకున్న వాలు ఇక్కడ పెట్టండి. వంపుల వ్యాసార్థాలు, క్లోథాయిడ్ పొడవులు సరిచూసి చెప్తాను.